పొగత్రాగు అలవాటు: దేశకాలములనుబట్టి అది మారిన తీరు

ఆకలియు, దప్పికయు, నిద్రయు మానవునకు పుట్టుకతో వచ్చినవి. పొగత్రాగుట ఆ కోవకు చెందదు. ఒక కాలమున ఒక దేశమునుండి బయలుదేరి, ఓడలమీద సముద్రములు దాటి, మన ఊళ్లలో కాపురము పెట్టిన అలవాటది. అయినను అది అనాదిగా ఉన్నదే యని పలువురకు తోచును. తాతగారు చుట్ట కాల్చిరి, తండ్రిగారు బీడీయో సిగరెట్టో కాల్చిరి, ఇక కుమారుడు మానునా యని పెద్దలు నిట్టూర్చి ఊరకుండుట కలదు. ఈ నిరాశకు తగిన కారణము లేదని దేశదేశముల అనుభవము తెలుపుచున్నది. ఒకప్పుడు నూటికి ఎనుబదిమంది పురుషులు పొగత్రాగిన దేశములలో ఆ సంఖ్య మూడవవంతునకును, అంతకంటె తక్కువకును దిగినది. ఈ మార్పు ఎట్లు జరిగినదో తెలిసికొనుట, బడికి పోవు పిల్లలు గల ప్రతి ఇంటికిని అవసరము.

ఆకు వచ్చిన త్రోవ

పొగాకు మొక్క అమెరికా ఖండమునకు చెందినది. 1492లో కొలంబసు వెంట వెళ్లిన నావికులు క్యూబా ద్వీపమున అచ్చటి ప్రజలు ఆకును చుట్టి, నిప్పంటించి, పొగ పీల్చుట చూచి ఆశ్చర్యపడిరి. తరువాతి శతాబ్దమున స్పెయిను, పోర్చుగలు దేశముల నావికులు ఆ ఆకును, దాని గింజలను నలుదిక్కులకు చేర్చిరి. లిస్బను నగరమున ఫ్రాన్సు రాయబారిగా నుండిన జీన్ నికోట్ 1560 ప్రాంతమున దానిని ఔషధమని తలచి తమ రాజాస్థానమునకు పంపెను. ఆకులోని మత్తుపదార్థమునకు నికోటిన్ అను పేరు అతనివలననే కలిగినది.

మన దేశమునకు ఈ ఆకు పోర్చుగీసువారి ఓడలలో వచ్చినది. 1604 ప్రాంతమున అసద్ బేగ్ అను ఉద్యోగి విజాపురమునుండి పొగాకును, దానిని త్రాగు గొట్టమును తెచ్చి అక్బరు చక్రవర్తికి సమర్పించెను. చక్రవర్తి వేడుకగా రెండుమూడు గుక్కలు పీల్చగా, ఆస్థాన వైద్యులు ఇది మన గ్రంథములలో లేని వస్తువని అడ్డు చెప్పిరి. 1617లో జహంగీరు పొగాకును నిషేధించెను. ఇంగ్లండున మొదటి జేమ్సు రాజు 1604లో పొగాకును గర్హించుచు ఒక చిన్న పుస్తకము వ్రాసి, సుంకమును అనేక రెట్లు పెంచెను. ఈ ఆజ్ఞలవలన అలవాటు ఆగలేదు. దానివలన కలుగు హాని ఇంకను ఋజువు కాలేదు. వచ్చు ఆదాయము మాత్రము ప్రభువుల కంటికి కనబడుచుండెను.

మిరపకాయయు ఇట్లే అమెరికానుండి వచ్చి మన వంటయింటిలో చేరినది. పొగాకు అను మన మాటయే ఆ ఆకు క్రొత్తదనమును చాటుచున్నది. పూర్వమునుండి ఎరిగిన మొక్క కానందున, దానివలన వచ్చు పొగనుబట్టి తెలుగువారు దానికి పేరు పెట్టుకొనిరి.

ఒక్క ఆకు, పలు రూపములు

ఆకు ఒక్కటియే యైనను, దానిని వాడు విధము దేశమునకొక తీరుగ ఏర్పడినది. ఇంగ్లండువారు మట్టి గొట్టములలో దట్టించి కాల్చిరి. పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపా శ్రీమంతులు పొగను విడిచి నస్యమును పట్టిరి. పారశీకులును, తురుష్కులును నీటిగుండ పొగను లాగు హుక్కాను వాడిరి. ఉత్తరహిందూస్థానమున హుక్కా పెద్దమనిషి తరహాకు గుర్తయినది. స్వీడనువారు తడిపొడిని పెదవి క్రింద నుంచుకొనుట అలవాటు చేసికొనిరి.

దక్షిణాపథమున చుట్టయే ప్రధానము. తిరుచిరాపల్లి, దిండిగల్లు చుట్టలు పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు వరకు ప్రయాణము చేసినవి. ఆంగ్లేయులు వాడు చెరూట్ అను మాట తమిళుల శురుట్టునుండి పుట్టినదే. గోదావరి లంకలలో పండు లంకపొగాకు చుట్టలకు పేరొందినది. ఇక శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరగ్రామములలోను, గంజాము ప్రాంతమునను అడ్డపొగ అను వింత ఆచారము కలదు. చుట్ట నిప్పుకొనను నోటిలో నుంచుకొని పొగ పీల్చుటకు అడ్డపొగ యని పేరు. ఇది స్త్రీలలో అధికము. పదివేలకు పైబడిన గ్రామస్థులను పరీక్షించి, 1971లో వైద్యులు ప్రకటించిన పరిశోధన ఈ ఆచారమునకును అంగిలికి వచ్చు వ్యాధులకును గల సంబంధమును విశదపరచినది. పాశ్చాత్యదేశములలో అరుదుగా కనిపించు అంగిలి క్యాన్సరు, అనగా రాచపుండు, ఈ తీరమున కనిపించుటకు కారణము ఈ నిప్పుకొనయే.

ఒకే సముద్రతీరమున కొన్ని ఆమడల దూరములోనే అలవాటు ఇంతగా మారుట గమనింపదగినది. ఎవరు, ఎట్లు, ఏ వయసున పొగత్రాగుదురో నిర్ణయించునది ఇరుగుపొరుగువారి ఆచారము.

యంత్రము తెచ్చిన మార్పు

చుట్టయు, గొట్టమును, నస్యమును తీరికగా వాడెడి వస్తువులు. సిగరెట్టు రాకతో ఈ తీరిక పోయినది. పందొమ్మిదవ శతాబ్దము చివరివరకు సిగరెట్టును చేతితోనే చుట్టుచుండిరి. నేర్పుగల పనివాడు నిమిషమునకు నాలుగైదింటికి మించి చుట్టలేకుండెను. 1881లో జేమ్సు బోన్‌సాక్ అను అమెరికా యువకుడు ఒక యంత్రమునకు పేటెంటు హక్కు పొందెను. అది నిమిషమునకు సుమారు 200 సిగరెట్లు తయారుచేసినది. జేమ్సు డ్యూక్ అను వర్తకుడు ఆ యంత్రములను తన కార్ఖానాలో నెలకొల్పి, వెల తగ్గించి, ప్రకటనలకు ధారాళముగ వ్యయముచేసెను. సరకు కుప్పలుగా తయారగుచుండగా, దానికి తగినంతమంది త్రాగువారిని తయారుచేయవలసిన పని వర్తకులకు ఏర్పడినది.

పొగాకును పదనుచేయు విధము కూడ దీనికి తోడ్పడెను. రైతులు బ్యారన్లు అని పిలుచు కొట్టములలో వేడిగాలితో ఆరబెట్టిన వర్జీనియా పొగాకు పొగ ఘాటు తక్కువగా నుండును. చుట్టపొగను సామాన్యముగ నోటిలోనే ఉంచి వదలుదురు. సిగరెట్టుపొగ సులభముగ ఊపిరితిత్తులలోనికి దిగును. నికోటిన్ కొన్ని క్షణములలో మెదడును చేరును. అందువలన అలవాటు త్వరగా పడును, విడుచుట కష్టమగును. 1920 తరువాత గుంటూరు ప్రాంతమున ఈ వర్జీనియా పొగాకు సాగు విస్తరించినది. 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధనాలయము వెలసినది.

మొదటి ప్రపంచయుద్ధమున ప్రభుత్వములే సైనికులకు రొట్టెతోపాటు సిగరెట్లు పంచినవి. యుద్ధము ముగిసి ఇంటికి వచ్చిన యువకులు ఆ అలవాటును వెంట తెచ్చుకొనిరి. స్త్రీలు వీధిలో పొగత్రాగుట అప్పటికి అమెరికాలో తప్పుగా ఎంచబడుచుండెను. 1929లో న్యూయార్కు నగరమున ఈస్టరు ఊరేగింపులో కొందరు యువతులు సిగరెట్లు వెలిగించి నడచిరి. పత్రికలు దానిని స్వాతంత్ర్య చిహ్నముగా వర్ణించినవి. ఒక సిగరెట్టు కంపెనీ కొరకు ఎడ్వర్డ్ బెర్నేస్ అను ప్రచారనిపుణుడు చేసిన ఏర్పాటది. స్వేచ్ఛ యను మంచిమాటను సరకు అమ్ముటకు వాడుకొనుట ఎట్లో ఈ ఉదంతము తెలుపును.

దీని ఫలితము అంకెలలో చూడవచ్చును. 1948లో బ్రిటనునందు ఏదో యొక రూపమున పొగత్రాగు పురుషులు నూటికి 82 మంది. స్త్రీలు నూటికి 41 మంది. 1965లో అమెరికాలో వయోజనులలో నూటికి 42 మంది సిగరెట్లు కాల్చిరి. 1966లో జపానులో పురుషులు నూటికి 84 మంది వరకు పొగత్రాగువారే. అక్కడ పొగాకు వ్యాపారము 1985 వరకు ప్రభుత్వముచేతిలోనే ఉండెను.

ముప్పదియేండ్ల మాటు

ఇంతమంది త్రాగుచున్నను హాని వెంటనే కంటబడకపోవుటకు ఒక కారణము కలదు. విషము త్రాగినవాడు వెంటనే పడిపోవును; పొగత్రాగినవాడు ముప్పది, నలుబది యేండ్ల తరువాత జబ్బుపడును. ఆనాటికి అతనికి ఏబది యేండ్లు దాటియుండును. జబ్బునకు వయసే కారణమని చుట్టుప్రక్కలవారు సరిపెట్టుకొందురు.

ఈ మాటును తొలగించినవారు లెక్కలు తీసిన వైద్యులు. 1950లో బ్రిటనున రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను ఇరువురును, అమెరికాలో వైండర్, గ్రేహాం అను ఇరువురును ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులను ప్రశ్నించి, వారిలో పొగత్రాగనివారు బహు కొద్దియని కనుగొనిరి. డాల్, హిల్ అంతటితో ఆగక, 1951 మొదలు బ్రిటనులోని వేలకొలది వైద్యులకు జాబులు వ్రాసి, వారి అలవాట్లను తెలిసికొని, ఎవరెవరు ఏ జబ్బుతో మరణించిరో దశాబ్దముల తరబడి గమనించిరి. 2004లో వెలువడిన ఏబదియేండ్ల ఫలితములనుబట్టి, జీవితాంతము సిగరెట్లు కాల్చినవారు సగటున పదియేండ్ల ఆయువు కోల్పోయిరి. అరువదవ ఏట మానినవారు అందులో మూడేండ్లను, ఏబదవ ఏట మానినవారు ఆరేండ్లను, నలుబదవ ఏట మానినవారు తొమ్మిదేండ్లను తిరిగి సంపాదించుకొనిరి. ముప్పదవ ఏట మానినవారికి పోయిన ఆయువంతయు దాదాపుగా దక్కెను. మానుటకు వయసు మీరిపోయినదని ఎవరును అనుకొనవలసిన పనిలేదు.

1994లో ఆలన్ లోపెజ్ మొదలగు ముగ్గురు పరిశోధకులు ఈ వ్యాప్తిని నాలుగు దశలుగా విభజించిరి. మొదటి దశలో కొలదిమంది పురుషులు సిగరెట్టు పట్టుదురు. రెండవ దశలో పురుషులలో అది విపరీతముగ పెరుగును, స్త్రీలును ఆరంభింతురు. మరణములు మాత్రము ఇంకను తక్కువగానే కనిపించును. మూడవ దశలో పురుషులు మానుట మొదలిడుదురు. కాని ముప్పదియేండ్ల క్రిందటి పొగకు ఫలముగా మరణములు పెచ్చుపెరుగును. నాలుగవ దశలో అలవాటును, కొంతకాలమునకు మరణములును తగ్గుముఖము పట్టును. బ్రిటనులో పొగత్రాగు పురుషుల సంఖ్య 1950కి పూర్వమే శిఖరమునందుకొనగా, పురుషుల ఊపిరితిత్తుల క్యాన్సరు మరణములు 1970 తరువాత తమ శిఖరమును చేరినవి. ఈనాడు ఒక ఊరిలో యువకులు పొగత్రాగుచుండగా ఆస్పత్రిలో రోగులు తక్కువగా నుండిరనినచో, ఆ ఊరికి భయము లేదని కాదు. లెక్క తీర్చు దినము ఇంకను రాలేదని అర్థము.

తగ్గిన తీరు

1962లో లండను రాజవైద్య కళాశాలయు, 1964 జనవరిలో అమెరికా ప్రభుత్వపు ప్రధాన వైద్యాధికారియు వెలువరించిన నివేదికలు ఈ జ్ఞానమును ప్రజలకందించినవి. బ్రిటను 1965లోను, అమెరికా 1971లోను టెలివిజనులో సిగరెట్టు ప్రకటనలను నిషేధించినవి. పిమ్మట సుంకములు పెరిగినవి. త్రాగుటకు అనుమతిగల చోటులు ఒక్కొక్కటిగా తగ్గినవి. లండను భూగర్భరైలులో 1984 వరకు పెట్టెలలో పొగత్రాగుచుండిరి. 1987 నవంబరులో కింగ్స్‌క్రాస్ స్టేషనులో కదిలెడి కొయ్యమెట్లపై పడిన అగ్గిపుల్లవలన అంటుకొన్న మంటలలో 31 మంది మరణించిరి. 2004లో ఐర్లండు, దేశమంతట పనిచేయు స్థలములలో పొగను నిషేధించిన మొదటి దేశమైనది. 2012లో ఆస్ట్రేలియా, సిగరెట్టు పెట్టెలపై కంపెనీల రంగులను, చిహ్నములను తొలగించి, వ్యాధుల చిత్రములను ముద్రింపజేసినది.

ఈ ఉపాయములు కలిసి పనిచేసినందున బ్రిటనులోను, అమెరికాలోను పొగత్రాగువారు 2023 నాటికి నూటికి సుమారు 12 మందికి దిగిరి. జపానులో 2019 నాటికి పురుషులలో నూటికి 27 మంది మిగిలిరి. ఇందు గమనింపదగిన మరియొక విషయము కలదు. మొట్టమొదట మానినవారు వైద్యులు; తరువాత చదువుకొన్నవారు. 1948లో ధనికుడును, కూలివాడును సమానముగనే పొగత్రాగిన బ్రిటనులో, తరువాతి కాలమున ఈ అలవాటు పేదవారివద్ద ఎక్కువగా నిలిచిపోయినది. తెలిసినవారు తప్పుకొనగా, భారము తెలియనివారిపై పడినది. కావున ఈ విషయమున విద్యాలయమునకు గల బాధ్యత చిన్నది కాదు.

అన్ని దేశములును ఈ దారిని నడవలేదు. చైనాలో 2018 నాటి లెక్కనుబట్టి పురుషులలో సగముమంది పొగత్రాగువారు. స్త్రీలు నూటికి ఇద్దరు. అక్కడ పెండ్లికిని, పండుగకును సిగరెట్టు పెట్టెలు కానుకగా ఇచ్చుట మర్యాద. పొగాకు వ్యాపారము ప్రభుత్వ గుత్తాధిపత్యములో నున్నది. ఇండొనేషియాలో లవంగములు కలిపి చుట్టిన క్రెటెక్ అను సిగరెట్లు వాడుక. 2021లో పురుషులలో నూటికి 60 మందికి పైగా పొగత్రాగుచుండిరి. ఆకు అందరికిని ఒక్కటే, దేహము అందరికిని ఒక్కటే. ఒక దేశమున పదింట ఆరుగురును, మరియొక దేశమున పదింట ఒక్కరును త్రాగుటకు కారణము ఆ దేశముల ఆచారములును, వెలలును, చట్టములును తప్ప వేరొండు కాదు.

మన దేశమున

భారతదేశపు చిత్రము వేరు. 2016–17లో జరిగిన జాతీయ పరిశీలననుబట్టి వయోజనులలో నూటికి 28.6 మంది ఏదో యొక రూపమున పొగాకు వాడుచుండిరి. అందులో పొగత్రాగువారు నూటికి 10.7 మంది మాత్రమే. నమలువారు, పెదవి క్రింద ఉంచుకొనువారు 21.4 మంది. కొందరు రెండును చేయుదురు. సిగరెట్టుకంటె బీడీ వాడుక దాదాపు రెండింతలు. ఏడేండ్లకు పూర్వము, అనగా 2009–10లో, పొగాకు వాడువారు నూటికి 34.6 మంది. కావున మన దేశమునను అలవాటు తగ్గుచున్నది. స్త్రీలలో పొగత్రాగువారు నూటికి ఇద్దరే యైనను, నమలు అలవాటు కలిసినచో పొగాకు వాడు స్త్రీలు నూటికి 14 మందికి పైబడుదురు. పొగ లేదు గనుక హాని లేదనుకొనుట పొరపాటు. నోటి క్యాన్సరు మన దేశమున అధికమగుటకు ఈ నమలుడు ముఖ్యకారణము.

2003లో మన పార్లమెంటు చేసిన చట్టము, పొగాకు ప్రకటనలను నిషేధించి, పదునెనిమిదేండ్ల లోపువారికి అమ్ముటను, విద్యాలయములకు నూరు గజముల లోపల అమ్ముటను నేరముగ చేసినది. 2008 అక్టోబరు 2 నుండి బహిరంగస్థలములలో పొగత్రాగుటపై నిషేధము దృఢపడినది. బ్యాటరీతో పనిచేయు ఎలక్ట్రానిక్ సిగరెట్లు 2019లో నిషేధింపబడినవి. పండ్ల వాసనలతో వచ్చు ఆ క్రొత్తరూపములలోను పాత నికోటినే దాగియుండును.

ఇచ్చట మనవారి జీవనమునకు సంబంధించిన ఒక చిక్కు కలదు. షోలాపురమున స్థిరపడిన తెలుగు పద్మశాలి కుటుంబములలో ఎందరో స్త్రీలు తునికాకులో పొగాకు పొడి నుంచి బీడీలు చుట్టి, ఆ కూలితో సంసారములు నడిపిరి. 2006లో అట్టి శ్రామిక స్త్రీలకొరకు ఆ నగరమున పదివేల ఇండ్ల కాలనీ వెలసినది. గుంటూరు, ప్రకాశము జిల్లాలలో పొగాకు పండించు రైతులు వేలకు వేలు. అలవాటు తగ్గుట లోకమునకు మేలే యైనను, వీరికి వేరొక జీవనోపాధి చూపక పొగను మాత్రము నిందించుట న్యాయము కాదు. తల్లి బీడీలు చుట్టి సంపాదించిన కూలి బిడ్డకు చదువుగా మారి, ఆ బిడ్డ వేరొక వృత్తిలో ప్రవేశించుటయే ఈ చిక్కునకు మర్యాదయైన పరిష్కారము.

తల్లిదండ్రులకు

మనము కన్నడ, తమిళ, ఒరియా, మరాఠీ సీమలలో ఎచ్చట నున్నను, బాలురకు ఈ అలవాటు అంటుకొను వయసు ఒక్కటే. అమెరికాలో ప్రతిదినము పొగత్రాగువారిలో పదింట దాదాపు తొమ్మండుగురు పదునెనిమిదేండ్లలోపుననే మొదటి సిగరెట్టు ముట్టించినవారని తెలియుచున్నది. మన దేశమున 2019లో బడిపిల్లలను గూర్చి జరిగిన పరిశీలనలో, 13–15 ఏండ్ల పిల్లలలో నూటికి 8.5 మంది ఏదో యొక రూపమున పొగాకు వాడుచున్నట్లు తేలినది. ఇరువదేండ్లవరకు ఈ అలవాటు లేనివాడు తరువాత దానికి లోబడుట అరుదు. అనగా కావలి కాయవలసిన కాలము కొలదియేండ్లే. ఆ యేండ్లు బాలుడు మన ఇంటిలోను, మన బడిలోను గడుపు యేండ్లే.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున, గిరీశమువలన తనకు వచ్చిన విద్య చుట్ట కాల్చుట యొక్కటే యని శిష్యుడు వెంకటేశము చెప్పుకొనును. అది నవ్వించు మాటయే యైనను, అలవాటు పెద్దవారి చేతినుండి పిల్లవాని చేతికి మారు తీరు అందులో స్పష్టముగ నున్నది. అంగడికి పోయి బీడీకట్ట తెమ్మని కుమారుని పంపు తండ్రి, వానికి త్రోవ చూపుచున్నవాడే. చట్టము అంగడివానిని అదుపుచేయగలదు. ఇంటి పంచలో కూర్చున్న పెద్దను అదుపుచేయుట దాని వశము కాదు. తాను మానలేనివాడు సైతము బిడ్డల ఎదుట కాల్చకుండుటయు, తాను చిక్కుకొన్న విధమును వారికి దాచక చెప్పుటయు చేయవచ్చును. మానదలచినవారికి ప్రభుత్వాస్పత్రులలో సలహాయు, చికిత్సయు లభించుచున్నవి.

బాలునకు క్యాన్సరు పేరు చెప్పి భయపెట్టుట ఒక్కటియే చాలదు. పదునైదేండ్లవానికి ఏబది యేండ్లు మిక్కిలి దూరముగ తోచును. ఈ అలవాటును తనకు అంటగట్టుటకు ఎంతటి యంత్రములు, ఎంతటి ప్రకటనలు, ఎంతటి ధనము పనిచేసినవో వానికి తెలియజెప్పవలెను. ఇతరులు లాభముకొరకు తనను మోసగింప జూచుచున్నారని తెలిసిన బాలుడు ఆ మోసమునకు లోబడుటకు ఇష్టపడడు. నాలుగు వందల యేండ్ల క్రిందట ఓడనెక్కి వచ్చిన ఈ అతిథిని సాగనంపుట ఒక్క తరములో సాధ్యమేనని ఇతర దేశములు చూపినవి. ఆ తరము మన పాఠశాల బల్లలపై కూర్చున్న తరమగుగాక.